తోక డ్యూటీ

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా ఆయన జావీద్ అంటే ఒప్పుకోను గానీ, నాకు నేను అనుకోవచ్చు. ఏలూరు పవర్‌పేటలో నాకు జాకెట్లు కుట్టే షాపుంది. గుడ్డ ఇవాళ ఇచ్చి రేపటికల్లా కుట్టి పెట్టమనేవాళ్లకి నేను చెప్పే సమాధానం పక్క షాపువాళ్లు పని ఆపి మరీ వింటారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరు మంచిదే, నా నోరే అలా తయారైంది.

అలాంటి మనిషికి మా రన్నర్స్ క్లబ్బువాళ్లు తోక డ్యూటీ వేశారు. గుంపుగా పరిగెత్తేటప్పుడు అందరికంటే వెనక ఒకరుండాలి. దాన్ని ఇంగ్లీషులో స్వీపర్ అంటారట. మా అత్తగారు ఆ మాట విని, మున్సిపాలిటీలో ఎప్పుడు చేరావని అడిగింది. అది క్లబ్బులో చెబితే అందరూ పడీ పడీ నవ్వి, అప్పట్నుంచీ తోక అంటున్నారు. రూలు ఒక్కటే. తోక వెనక మనిషి మిగలకూడదు. ఎవరు ఆగినా తోక ఆగాలి. మధ్యలో మానేసి వెళ్లిపోయేవాళ్లు తోకకి చెప్పి వెళ్లాలి.

క్లబ్బు నడిపేది ప్రదీప్, బ్యాంకు ఉద్యోగి. మామూలు రోజుల్లో మమ్మల్ని స్టేడియం చుట్టూ తిప్పుతాడు. చలికాలం వస్తే మాత్రం డిసెంబరు మధ్య నుంచి జనవరి సెలవులయ్యేదాకా ఆదివారానికో చోటు పెడతాడు. ఈసారి మొదటి వారం ద్వారకా తిరుమల కొండ రోడ్డు, రెండో వారం పెంటపాడు కాలవగట్టు, మూడో వారం కొల్లేరు. మూడు వారాలూ తోకని నేనే. ఓపికస్తురాలినని కాదు, వేరే ఎవరూ ఒప్పుకోలేదు. నేను పది కిలోమీటర్లు గంటా పది నిమిషాల్లో పరిగెత్తగలను. నలభై మూడేళ్లకి, ఇద్దరు పిల్లల తల్లిని, ఆ గంటా పది నిమిషాలు సంపాదించుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. అది ఎవరికీ చూపించుకోకుండా వెనకాల ఈడ్చుకుంటూ రావాలంటే ఒళ్లు మండేది.

ఆ మంటంతా వెంకటనరసమ్మగారి మీదికి మళ్లింది. ఆవిడ కుసుమ వాళ్లమ్మ. కుసుమ ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుంది, మా క్లబ్బులో అందరికంటే ముందు పరిగెత్తే పిల్ల, నన్ను గౌసియా అక్కా అంటుంది. వాళ్లమ్మది పెంటపాడు పక్కన పల్లె, మూడెకరాల వరి. కోతలయ్యాక కూతురి దగ్గర నెల రోజులుందామని వచ్చింది. యాభై ఎనిమిదేళ్లు, సుగరు. డాక్టరు నడవమన్నాడు, కుసుమ ఇంకో మెట్టు పైకెక్కి పరిగెత్తమంది. చీర కాస్త పైకి దోపుకుని, కూతురు కొనిచ్చిన బూట్లేసుకుని, మూడు వారాలుగా ఆవిడే అందరికంటే చివర. ఆవిడ వెనక నేను.

మూడో ఆదివారం చాటపర్రు దాటాక తూము దగ్గర బళ్లు ఆపేసరికి ఆరు కావస్తోంది. ఒకటే మంచు. పదడుగుల అవతల మనిషి కనపడడం లేదు, మాట మాత్రం వస్తోంది. ప్రదీప్ దారి చెప్పాడు. చేపల చెరువుల గట్టు మీదుగా ఎనిమిది కిలోమీటర్లు. చివర లంక ఊళ్లో టీ కొట్టు, అక్కడ ఇడ్లీ, ఆ తర్వాత ఆటోల్లో మళ్లీ తూము దగ్గరికి. మూడో కిలోమీటరు దగ్గర మా గట్టుకి అడ్డంగా ఇంకో గట్టు తగులుతుంది. దాని మీద కుడివైపు వెళ్తే అయిదు నిమిషాల్లో తారురోడ్డు. అంతవరకు చాలనుకున్నవాళ్లు అక్కడ దిగిపోయి ఆటో ఎక్కొచ్చు. ఎడంవైపు ఏముందని ఎవరూ అడగలేదు. ఎడంవైపు అన్నీ చెరువులే.

బయల్దేరేముందు కుసుమ నా దగ్గరికొచ్చి వాళ్లమ్మ చెయ్యి నా చేతిలో పెట్టింది.

"అమ్మని మీకు అప్పగిస్తున్నానక్కా. మధ్యలో ఆపేస్తానంటే రోడ్డు మీదికి తీసుకెళ్లి మీరే ఆటో ఎక్కించెయ్యండి. ఒక్కదాన్నే పంపకండి."

నాకేం అంత తెలియదా అన్నాను. ఆ పిల్ల నవ్వి మంచులోకి వెళ్లిపోయింది.

ఆ గట్ల మీద తెల్లారేసరికి ఒకటే గోల. గూడబాతులూ కొంగలూ చేపల మీద పడతాయి. వాటిని తోలడానికి ప్రతి చెరువు దగ్గరా కాపలావాళ్లు డబ్బాలు వాయిస్తూ హోయ్ హోయ్ అని కేకలేస్తుంటారు. ఒక చెరువు మీంచి లేచిన పిట్ట పక్క చెరువులో దిగుతుంది, అక్కడివాడు అందుకుంటాడు. మొదటి కిలోమీటరులో ప్రతి కేకకీ ఉలిక్కిపడ్డాం. తర్వాత ఎవరూ తల కూడా తిప్పలేదు.

వెంకటనరసమ్మగారు ఎక్కడికక్కడ ఆగిపోతోంది. కాలితో గట్టు మట్టి గీకి చూస్తుంది. ఇది ముందు మాగాణే అయ్యుంటుందమ్మా, ఎన్ని బస్తాలు పండేదో, అంటుంది. కాపలా పాక దగ్గర ఆగి, ఈ గట్టు ఎప్పుడు వేశారు బాబూ అని అడుగుతుంది. మూడోసారి ఆగేటప్పటికి నాకు ముందువాళ్ల అడుగుల చప్పుడు కూడా వినపడడం మానేసింది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది.

"పిన్నిగారూ, మనం పరిగెత్తడానికొచ్చామా, పొలం బేరానికొచ్చామా? మీ పుణ్యమా అని మూడు వారాలుగా చల్లారిపోయిన టీ తాగుతున్నాను."

తప్పమ్మా, పద, అని ఆవిడ తల దించుకుని పరిగెత్తడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అరకిలోమీటరు ఎక్కడా ఆగలేదు. ఆవిడ రొప్పు నాకు వినపడుతోంది. కాస్త మెల్లగా రండి అని ఒక్క మాట అని ఉండొచ్చు, అనలేదు.

అడ్డగట్టు వచ్చింది. మూడు కిలోమీటర్లు చాలనుకున్న మానస, తులసి అనే పిల్లలిద్దరూ అప్పటికే కుడివైపు రోడ్డుకి వెళ్లిపోయారు. ఆ కబురు నాకు అందించిన పాపారావుగారు ఇంకో ఇద్దరితో అక్కడ నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, పరుగు కంటే మాటలెక్కువ. వెంకటనరసమ్మగారు ఆగింది. కొంగు నడుముకి దోపుకుంది. మగవాళ్లవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది.

"వస్తానమ్మా."

సరేనండీ, జాగ్రత్త, అన్నాను నేను. పాపారావుగారి గుంపు అప్పటికే ముందుకి కదిలింది.

మనవైపు ఇంట్లోంచి బయటికెళ్లే మనిషి వెళ్తానని చెప్పదు. వెళ్తాననడం మంచిది కాదు. పెళ్లిలో భోంచేసి లేచినా, ఆస్పత్రిలో మనిషిని చూసి బయటికొచ్చినా, వస్తానండీ అనే సెలవు తీసుకుంటాం. మా ఇంట్లోనూ అంతే. ఆవిడ సెలవు తీసుకుందనే అనుకున్నాను. నా మాటకి రోషం వచ్చి ఇంటికెళ్లిపోతోందనుకున్నాను. కుసుమ చెప్పింది గుర్తు లేక కాదు. రోడ్డు అయిదు నిమిషాలే కదా, ముందు ఇద్దరు పిల్లలున్నారు కదా, పెద్దావిడ కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మంచులో ఆవిడ ఎటు తిరిగిందో కూడా చూడలేదు. నిజం చెప్పాలంటే నా ప్రాణం హాయిగా ఉంది.

పరిగెత్తాను. తాడు తెంచుకున్న దూడలాగా పరిగెత్తాను. మూడు వారాల కసి కాళ్లలోకి వచ్చింది. ముఖానికి మంచు కొడుతుంటే నాలో నేను నవ్వుకున్నాను కూడా.

అయిదారు నిమిషాలయ్యాక వెనక నుంచి ఒక కేక వినపడింది. అమ్మా అన్నట్టుంది. ఆగాను. మెళ్లో తోకకిచ్చే విజిల్ ఉంది, దాన్ని ఒక్కసారి గట్టిగా ఊదాను. ఊది, చెవి అటుపెట్టి నిలబడ్డాను. మళ్లీ కేక రాలేదు. ఎక్కడో డబ్బా మోగింది, పిట్టలు లేచాయి. కాపలావాడే అనుకున్నాను. వెనక్కి వెళ్లి చూసొస్తే పది నిమిషాలు పోతుంది. ఆ పది నిమిషాలూ నాకు కావాలి. ముందుకే పరిగెత్తాను.

ఏడో కిలోమీటరులో పాపారావుగారి గుంపుని దాటేశాను. తోక తలకంటే ముందొచ్చేస్తోందండోయ్ అని ఆయన వెనక నుంచి అరిచాడు. వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. తోక వెనక మనుషులుండకూడదన్న రూలు నేనే తుంగలో తొక్కానని అప్పుడు కూడా నాకు తట్టలేదు.

టీ కొట్టు దగ్గర ఇడ్లీ ఆవిరి వస్తోంది. వేడి టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. కుసుమ నా వెనక చూసింది, పక్కన చూసింది.

"అమ్మేదక్కా?"

ఇంటికెళ్లిపోయిందమ్మా, అడ్డగట్టు దగ్గర నాకు చెప్పే వెళ్లింది, అన్నాను. ఆటో ఎక్కించారా అని అడిగింది. ఎక్కేసి ఉంటుంది అన్నాను. ఎక్కించాను అనలేదు, ఎక్కించలేదు అనలేదు. కుసుమ ముఖం పాలిపోయింది. నడుముకి కట్టుకున్న సంచీ జిప్పు తీసి, లోపలున్నవి ఒక్కొక్కటే టీ కొట్టు బల్ల మీద పెట్టింది. వాళ్లమ్మ ఫోను. వాళ్లమ్మ చిల్లర పర్సు. ఇంటి తాళంచెవి.

"అన్నీ నా దగ్గరే ఉన్నాయక్కా. పైసా లేకుండా, తాళం లేకుండా ఇంటికెలా వెళ్తుంది?"

ప్రదీప్ వెంటనే మానసకి ఫోను చేశాడు. వాళ్లిద్దరూ రోడ్డు మీద ఆటో కోసం ఇరవై నిమిషాలు నిలబడ్డారట. పెద్దావిడెవరూ రాలేదట. అప్పటికి టైము ఏడుంపావు. నేనావిణ్ణి వదిలి ముప్పావుగంట కావస్తోంది.

మగవాళ్లు తలో మాటా మొదలుపెట్టారు. రోడ్డు వెంట నడిచి వెళ్తోందేమో అన్నారొకరు. తెలిసినవాళ్ల బండి ఎక్కిందేమో అన్నారు ఇంకొకరు. తూము దగ్గర బళ్ల కాడ కూర్చుందేమో అన్నాడు పాపారావుగారు. ప్రదీప్ ఆటో మాట్లాడి ఇద్దర్ని రోడ్డు వైపు పంపాడు. కుసుమ ఒకటే మాట అంటోంది. పొద్దున సుగరు బిళ్ల వేసుకుందండీ, ఏమీ తినలేదండీ, ఇడ్లీ ఇక్కడ తింటానంది. ఆ మాట మా క్లబ్బులో అందరికీ అర్థమైంది. సుగరు పడిపోతే నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోతుంది. ఆ గట్లకి రెండువైపులా నీళ్లే.

నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. టీ కొట్టావిడ నా ముఖం చూసి ఏమనుకుందో, పక్కకొచ్చి చెవిలో అడిగింది. బాత్‌రూంకి వెళ్లాలా అమ్మా, మా ఇంట్లో ఉంది, మొహమాటపడకండి, మీ ఆడవాళ్లంతా రాగానే ముందు అదే అడుగుతారు.

అప్పుడు తెలిసింది నాకు. కొంగెందుకు దోపుకుందో, మగవాళ్లవైపెందుకు చూసిందో, గొంతెందుకు తగ్గించిందో. సుగరు మనిషి, చలి పొద్దు, మూడు కిలోమీటర్లు. ఇప్పుడే వస్తానమ్మా, ఉండు, అంది ఆవిడ. నేను జాగ్రత్త అంటే, ఆగుతానని చెప్పాననుకుంది. నేనూ ఆడదాన్నే. పరుగుకొచ్చే రోజు తెల్లారుజామున మంచినీళ్లు గుక్కెడు తాగడానికి భయపడేదాన్ని. నాకు తెలియాలి కదా. ఇంకెవరికి తెలుస్తుంది?

అది ఆ మగవాళ్లందరి ముందూ చెప్పాలి. చెప్పాను.

"ఆవిడ ఇంటికెళ్లలేదు. ఒంటికి వెళ్లింది. వస్తానంటే నేను సెలవు తీసుకుందనుకున్నాను. రోడ్డు వైపు వెతక్కండి. రోడ్డు వైపు మనుషులుంటారు, అటు వెళ్లదు. ఎడంవైపు వెళ్లి ఉంటుంది."

కుసుమ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను చెప్పిన మాటలో ఒక ముక్క దాచుకున్నానని ఆ పిల్లకి తెలియదు. కేక వినపడిందని నేను చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. ముందు మనిషి దొరకనీ అనుకున్నాను.

చెరువు పనివాడొకాయన మేత బస్తాలు మోసే టీవీఎస్ బండి ఇచ్చాడు. ప్రదీప్ తన గ్లూకోజు నీళ్ల సీసా కుసుమ చేతిలో పెట్టాడు. నేను నడిపాను, కుసుమ వెనక కూర్చుంది. ప్రదీప్, పాపారావుగారు, మిగతావాళ్లు మా వెనకాలే పరిగెత్తుతూ బయల్దేరారు. గట్టు తడిగా ఉంది, బండి జారుతోంది. ముందు చక్రం తప్ప ఏమీ కనపడడం లేదు. కుసుమ వేళ్లు నా భుజంలోకి దిగుతుంటే, ఇంకా గట్టిగా పట్టుకో తల్లీ, నాకు తగిన శాస్తి అనుకున్నాను. గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కాను. అల్లాకి మొక్కాను, వెంకటనరసమ్మగారు మొక్కే కొండ మీద దేవుడికీ మొక్కాను.

అడ్డగట్టు దగ్గర బండి ఆపి, రోడ్డుకి అవతలివైపు నడిచాం. సన్నటి గట్టు. ఒకవైపు చెరువు నిండా నీళ్లున్నాయి. రెండోవైపు చెరువులో ముందు రోజే చేపలు పట్టి నీళ్లు తోడేశారు, మిగిలింది బురద. నేను విజిల్ ఊదుతున్నాను, కుసుమ అమ్మా అని పిలుస్తోంది. మా పిలుపుకి నాలుగు వైపుల నుంచీ హోయ్ హోయ్ అని కేకలు, డబ్బాల మోత. ఏది మనిషి గొంతో, ఏది పిట్టలకో తెలియడం లేదు. గట్టు పక్క గడ్డి ఒకచోట నలిగి ఉంది. అక్కణ్ణుంచి గట్టు ఇంకో రెండు గట్లుగా చీలింది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మంచులో ఎటు తిరిగిందో.

కాపలావాడొకాయన డబ్బా పట్టుకుని పాకలోంచి వచ్చాడు. నడివయసు మనిషి, తలకి తువ్వాలు. ఆడమనిషి కేక విన్నావా అని కుసుమ అడిగింది. విననేం లేదండీ, ఇక్కడ తెల్లారితే అందరం అరుస్తానే ఉంటాం, ఎవరరిచారని చూస్తామండీ, అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆయనకైతే అది సాకు. నాకు కాదు.

డబ్బాలు ఆపించమని నేను ఆయన కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, పక్క చెరువుకీ అవతలి చెరువుకీ కబురు అరిచాడు. ఒక్కొక్క డబ్బా ఆగింది. కేకలు ఆగాయి. కొంగలన్నీ మా నెత్తి మీదుగా వచ్చి చెరువులో దిగాయి, వాటిని ఎవరూ తోలలేదు. అంత నిశ్శబ్దం ఆ గట్ల మీద నేనెప్పుడూ వినలేదు.

అప్పుడొక చప్పుడు. తడి నేల మీద అరచేత్తో కొట్టినట్టు. ఒకటి. కాసేపాగి ఇంకొకటి.

కుసుమ అటు పరిగెత్తింది. తోడేసిన చెరువులో, గట్టుకి పది పన్నెండడుగుల లోపల, వెంకటనరసమ్మగారు నడుము లోతు బురదలో ఉంది. గట్టంచు జారి పడి, పైకి రాబోయిన కొద్దీ లోపలికి దిగబడిందని తర్వాత తెలిసింది. పొలం మనిషి కాబట్టి బతికింది. కాళ్లు ఆడించడం మానేసి, ఒంటి మీద చీర విప్పి ఎదురుగా బురద మీద పరుచుకుని, దాని మీద బోర్లా వాలిపోయి ఉంది. ముఖం పక్కకి తిరిగి ఉంది. ఒక చెయ్యి మాత్రం లేచి పడుతోంది.

కాపలా ఆయన దిగబోయాడు. ఆవిడ కళ్లు తెరిచి ఆయన్ని చూసి, చేత్తో వద్దు వద్దని ఊపింది. ఒంటి మీద లంగా, జాకెట్టే ఉన్నాయి. ఆయనకి అర్థమై, ఖాళీ మేత సంచులూ ఒక తాడూ తెచ్చిచ్చి, అటు తిరిగి నిలబడి తాడు కొస పట్టుకున్నాడు. నేను సంచులు బురద మీద పరుచుకుంటూ పొట్ట మీద పాక్కుంటూ వెళ్లాను. చేపల నీచు వాసన నోట్లోకి వచ్చింది. తాడు ఆవిడ చంకల కింద నుంచి తిప్పి కట్టాను. ఒళ్లు చల్లగా ఉంది, పెదాలు కదులుతున్నాయి గానీ మాట లేదు. నేను ముందు నుంచి లాగాను, ఆయన గట్టు మీద నుంచి, కుసుమ ఆయన వెనక నుంచి. బురద ఆవిణ్ణి వదల్లేదు. పిన్నిగారూ, నా మీద బరువంతా వేసెయ్యండి అని అడిగాను, అరిచాను, ఏడిచాను. చివరికి ఒక బూటు లోపలే వదిలేసి కాళ్లు బయటికొచ్చాయి.

గట్టు మీద కాపలా ఆయన దుప్పటి చుట్టాం. ఆవిడ తల నా ఒళ్లో పెట్టుకున్నాను. కుసుమ గ్లూకోజు నీళ్లు మూతతో కొంచెం కొంచెం పోసింది. నాలుగో మూతకి ఆవిడ మింగింది. పదో మూతకి కళ్లు నిలిచాయి. ఆపాటికి ప్రదీప్, పాపారావుగారు, మిగతావాళ్లు రొప్పుకుంటూ వచ్చి చుట్టూ చేరారు. ప్రదీప్ ఆటోకి ఫోను చేశాడు. కుసుమ అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా ఏడ్చింది.

వెంకటనరసమ్మగారు తల తిప్పి నా ముఖం చూసింది. బురద చేత్తో నా మణికట్టు పట్టుకుంది. గొంతు లేదు, గాలి మాత్రమే వస్తోంది.

"పడ్డ కాసేపటికే నీ విజిల్ వినపడిందమ్మా. గౌసియమ్మ ఉందిలే, వచ్చేస్తుందిలే అని ధైర్యం వచ్చింది. ఇంక ఊరికే అరిచి ఓపిక పోగొట్టుకోవడం ఎందుకని అరవడం ఆపేశాను."

చూశారా, తోకకి విజిల్ ఎందుకు ఇస్తామో ఇప్పుడు తెలిసిందా అన్నాడు ప్రదీప్ అందరితోనూ. వాళ్లంతా మేము వెతుకుతూ ఊదిన విజిల్ అనుకున్నారు. గంట పైన బురదలో ఉన్న మనిషికి కాసేపు ఎంతో, ఎంతసేపో ఏం తెలుస్తుంది అనుకున్నారు. గౌసియా గారు లేకపోతే ఇవాళ ఏమయ్యేదో అన్నాడు పాపారావుగారు. కుసుమ ఏడుస్తూనే నా మోకాలి మీద చెయ్యి వేసింది.

ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు. ఆవిడ కూడా నన్ను మెచ్చుకుంటూనే ఉంది. ఆవిడ అలా మెచ్చుకోకుండా ఉంటే బహుశా ఊరుకునేదాన్నే. అరవడం ఆపేశాను అన్న మాట మింగుడు పడలేదు. ఆపించింది నేను. జవాబిచ్చి, వెళ్లిపోయింది నేను.

"ఆ విజిల్ ఇప్పుడూదింది కాదు పిన్నిగారూ. మీరు పడ్డప్పుడే ఊదాను. మీ కేక విన్నాను. విని, ఆగి, విజిల్ ఊది, మళ్లీ కేక రాకపోతే కాపలావాడే అనుకుని వెళ్లిపోయాను. పరిగెత్తాలనిపించి వెళ్లిపోయాను."

ప్రదీప్ నేల చూశాడు. వెంకటనరసమ్మగారు నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేదాన్ని. గంటసేపు తను ఎదురుచూసింది ఎవరికోసమో ఇప్పుడు లెక్క వేసుకుంటున్నట్టు ఉంది. నా మణికట్టు మీది వేళ్లు వదులయ్యాయి. కళ్లు మూసుకుంది.

కుసుమ కన్నీళ్లు తుడుచుకుంది. వాళ్లమ్మ తల కిందికి చెయ్యి పోనిచ్చి, మెల్లగా, నా ఒళ్లోంచి ఎత్తి తన ఒళ్లోకి తీసుకుంది.

"మీరు లేవండి" అంది.

లేచాను. నిలబడటానికి నాకు చోటెక్కడో తెలియలేదు, గట్టు చివరికి వెళ్లి నిలబడ్డాను. ఆగిపోయిన డబ్బాలు ఒక్కొక్కటే మళ్లీ మోగడం మొదలుపెట్టాయి. రోడ్డు వైపు నుంచి ఆటో హారన్ కొట్టుకుంటూ వచ్చింది. సన్న గట్టు మీదికి ఎక్కదు కాబట్టి అడ్డగట్టు దాకా మోసుకెళ్లాలి. ప్రదీప్ ఒక భుజం పట్టుకున్నాడు, పాపారావుగారు ఇంకో భుజం, కుసుమ నడుము దగ్గర. కాళ్ల దగ్గర మనిషి లేడు. రమ్మని నన్నెవరూ పిలవలేదు. వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. కుసుమ తలెత్తి చూసింది గానీ వద్దనలేదు. అందరం ఒక్కసారి లేపాం.